దారి అడగండి: పసుపు చుక్క వెంట ఒక రోజు

పోయిన నెల పెన్సిల్వేనియాలో పిట్స్‌బర్గ్ చుట్టూ ఉన్న రంగుల బెల్ట్ రోడ్ల గురించి, అంటే రంగు బోర్డులతో గుర్తు పెట్టిన దారుల గురించి, రెండు ముక్కలు రాసి వదిలేశాను. ఆ రెండు ముక్కలకే ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. అక్టోబర్ దగ్గర పడింది, ఆకులు రంగు మారేలోపు ఒక ఆదివారం కారు తీయాలని అందరికీ ఉన్నట్టుంది. అందుకని ఈసారి పేజీ మొత్తం వాటికే. న్యూజెర్సీ, డాలస్ పాఠకులు ఈ నెలకి క్షమించాలి.

*

ప్రశ్న: మా అబ్బాయి దగ్గరికి మన్రోవిల్ వచ్చి మూడు నెలలైంది. వెంకటేశ్వర స్వామి గుడికి వెళ్ళేటప్పుడు రోడ్డు పక్కన స్తంభాలకి పసుపు గుండ్రం వేసిన చిన్న బోర్డులు కనిపిస్తుంటాయి. ఏమిట్రా అవి అంటే "ఏదో పాత సిస్టమ్ అమ్మా" అంటాడు. పదేళ్ళ నుంచి ఇక్కడే ఉంటున్నాడు. ఇంతకీ అవేమిటి నాయనా?
(గుంటూరు నుంచి వచ్చిన ఒక అమ్మమ్మ)

జవాబు: అమ్మా, మీ అబ్బాయిని ఏమీ అనకండి, ఇక్కడే పుట్టి పెరిగినవాళ్ళు కూడా చాలామంది అదే మాట చెబుతారు. రోజూ చూసేవి కళ్ళకి ఆనవు. మూడు నెలల్లో మీకు కనిపించాయి చూడండి, అదీ సంగతి.

పిట్స్‌బర్గ్ ఉన్నది అలెగేనీ కౌంటీలో. కౌంటీ అంటే మన జిల్లా లాంటిదే అనుకోండి, కాకపోతే ఈ ఒక్క జిల్లాలో 130 మునిసిపాలిటీలున్నాయి, పక్క వీధికి వెళితే వేరే ఊరు, వేరే పోలీసులు, వేరే చెత్త బండి. మూడు నదులు, వాటి మధ్య కొండలు, ఆ కొండల మీదా లోయల్లోనూ ఈ చిన్న ఊళ్ళు. ఇంటర్‌స్టేట్ హైవేలు ఇంకా రాని రోజుల్లో ఏ సబర్బ్ నుంచి ఏ సబర్బ్‌కి వెళ్ళాలన్నా డౌన్‌టౌన్‌లోకి దిగి మళ్ళీ పైకెక్కాల్సి వచ్చేది. అక్కడేమో స్టీల్ మిల్లుల సందడి, లారీలు, ట్రాములు. 1940ల్లో కౌంటీ పబ్లిక్ వర్క్స్ విభాగంలో జోసెఫ్ వైట్ అనే ఇంజనీరు దీనికి ఒక ఉపాయం ఆలోచించాడు. కొత్త రోడ్డు వేయడం కాదు. ఉన్న రోడ్లనే, కౌంటీవీ స్టేట్‌వీ ఊళ్ళవీ అన్నీ కలిపి, దండ గుచ్చినట్టు గుచ్చి, ఒక్కో దండకి ఒక్కో రంగు పెట్టి, మలుపు మలుపుకీ ఆ రంగు బోర్డు కొట్టించాడు. మీరు చూసే పసుపు గుండ్రం అదే. ఎల్లో బెల్ట్.

బయటి నుంచి లోపలికి వస్తే ఎరుపు, ఆరెంజ్, పసుపు, ఆకుపచ్చ, నీలం. డౌన్‌టౌన్‌లో తిరిగే ఊదా రంగుది మాత్రం చాలా తర్వాత, 1995లో కలిపారు. స్కూల్లో విబ్జియార్ అని మనం బట్టీ పట్టిందే, చివరి నుంచి మొదటికి. మీ మనవడికి చెప్పండి, ఈసారి వాడే మీకు బోర్డులు వెతికి పెడతాడు. ఇందులో చుట్టూ తిరిగి బయల్దేరిన చోటికే వచ్చేవి పసుపు, నీలం, ఆ చిన్న ఊదా. ఆరెంజ్ అన్నిటికన్నా పొడుగే కానీ ఇప్పుడు పూర్తి చుట్టు కాదు, కొంత ముక్క ఎప్పుడో తీసేశారు. ఎరుపు ఉత్తరం వైపు మాత్రమే ఉంటుంది, ఆకుపచ్చ సగం చంద్రవంక. పసుపుది సుమారు 78 మైళ్ళు, మన లెక్కలో 125 కిలోమీటర్లు.

బోర్డు పెద్దదేం కాదు, టిఫిన్ ప్లేటంత తెల్ల రేకు, మధ్యలో రంగు గుండ్రం, బెల్ట్ పేరు, కింద బాణం. ఎండకి వెలిసిపోయిన చోట్ల ఆరెంజ్‌కీ పసుపుకీ తేడా తెలియదు, ఆ చోట అక్షరాలు చదవాల్సిందే.

*

ప్రశ్న: హైదరాబాద్‌లో ఓఆర్‌ఆర్ 158 కిలోమీటర్లు గంటన్నరలో లాగించేసిన వాడిని. మీ ఎల్లో బెల్ట్ 125 కిలోమీటర్లే అంటున్నారు కాబట్టి గంటా పావు వేసుకోవచ్చా?
(ఇక్కడి మార్స్ అనే ఊరి నుంచి ఒక పాఠకుడు)

జవాబు: వేసుకోకండి. ఎక్కడా ఆగకపోయినా మూడు గంటలు దాటుతుంది. ఓఆర్‌ఆర్ ఎనిమిది లేన్ల రోడ్డు, కంచె వేసి, టోల్ పెట్టి, వేగంగా పోవడానికే కట్టింది. ఇది ఎక్కువ భాగం రెండు లేన్ల రోడ్డు, ఎవరింటి ముందో పోతుంది, వాళ్ళ పోస్ట్ డబ్బా మీ సైడ్ అద్దానికి తగిలేలా ఉంటుంది. స్పీడ్ లిమిట్ ఒక చోట 45 మైళ్ళు ఉంటే ఊళ్ళోకి రాగానే 25. మధ్యలో సిగ్నళ్ళు, స్టాప్ సైన్లు, ఒకచోట రైలు గేటు పడితే అక్కడ పది నిమిషాలు. పేరులో బెల్ట్ ఉంది కదా అని రింగ్ రోడ్డు అనుకుని వచ్చేవాళ్ళు మొదటి అరగంటలోనే విసుక్కుంటారు. దీన్ని తొందరగా పోవడానికి వాడటం దాదాపు మానేశారు, అందుకు ఇంటర్‌స్టేట్‌లున్నాయి. ఇప్పుడిది మెల్లగా పోవడానికి పనికొచ్చే రోడ్డు. మీకు వేగమే ఇష్టమైతే టర్న్‌పైక్, అదే టోల్ హైవే, ఎక్కేయండి, నాకేం అభ్యంతరం లేదు.

*

ప్రశ్న: మేం క్రాన్‌బెర్రీలో ఉంటాం. అత్తయ్యగారు, మామయ్యగారు వచ్చి ఉన్నారు. ఆరేళ్ళ బాబు. అత్తయ్యగారు గుడి అంటే తప్ప గడప దాటరు, మామయ్యగారికి మాల్స్ బోరు. పసుపు బెల్ట్ మీద ఒక రోజంతా తిప్పాలని ఉంది. ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడ ఆగాలో కాస్త వివరంగా రాస్తారా? ఎడమ నుంచి తిరగాలా, కుడి నుంచా?
(క్రాన్‌బెర్రీ నుంచి ఒక కోడలు)

జవాబు: అమ్మాయ్, చివరి ప్రశ్న ముందు చెబుతాను, ఎందుకంటే అత్తయ్యగారిని కారెక్కించేది అదే. ప్రదక్షిణంగా తిరగండి. గుడిలో ఎలా తిరుగుతామో అలాగే, పిట్స్‌బర్గ్ మీ కుడి చేతి వైపు ఉండేలా. భక్తి ఒక్కటే కాదు కారణం, ఇక్కడ రోడ్డుకి కుడివైపు నడుపుతాం కాబట్టి ప్రదక్షిణంగా పోతే ఎక్కువ మలుపులు కుడికే వస్తాయి, ఎదురుగా వచ్చే బండ్ల కోసం కాచుకుని ఎడమకి తిరిగే టెన్షన్ తగ్గుతుంది. మీ ఆయనకి ఈ రెండో కారణం, అత్తయ్యగారికి మొదటిది చెప్పండి.

మీ ఇంటికి నార్త్ పార్క్ దగ్గర. పొద్దున ఎనిమిదిన్నరకల్లా అక్కడ ఉండండి. కౌంటీ పార్కులన్నిట్లో పెద్దది, మూడు వేల ఎకరాల పైచిలుకు, 1927లో సౌత్ పార్క్‌తో పాటు మొదలైంది. మధ్యలో చెరువు. చుట్టూ నడిస్తే దాదాపు అయిదు మైళ్ళు కాబట్టి నడవద్దు, ఒడ్డున ఒక బెంచీ చూసుకుని ఫ్లాస్కులో కాఫీ తాగి లేవండి. అక్టోబర్ రెండో వారం దాటాక పొద్దున పూట చెరువు మీద పొగమంచు ఉంటుంది, అది తేలిపోయే కొద్దీ అవతలి గట్టు చెట్ల రంగు ఒక్కొక్కటిగా బయటపడుతుంది, మేపుల్ ముందు ఎర్రబడుతుంది, ఓక్ అన్నిటికన్నా చివర, అదీ ముదురు ఇటుక రంగు. మామయ్యగారు ఫోటోలు తీసేవారైతే ఇక్కడే గంట పోతుంది, పోనివ్వండి.

అక్కడి నుంచి తూర్పుకి పసుపు బోర్డులు పట్టుకుని పోతే కొండలు ఎక్కుతూ దిగుతూ అలెగేనీ నది దగ్గరికొస్తారు. హుల్టన్ వంతెన దాటితే ఓక్‌మాంట్. ఇప్పుడున్న వంతెన 2015లో తెరిచారు. దాని పక్కన వందేళ్ళు దాటిన పాత ఇనుప వంతెన ఉండేది, లేత ఊదా రంగు వేసి, చూడ ముచ్చటగా, రెండు బండ్లు ఎదురుపడితే మాత్రం ఊపిరి బిగబట్టేలా. 2016 జనవరిలో దాన్ని పేల్చి నదిలో పడేశారు. ఓక్‌మాంట్‌లో రోడ్డు పక్కనే పేరున్న గోల్ఫ్ క్లబ్ ఉంది, 2025లో అక్కడ యూఎస్ ఓపెన్ జరిగింది, పదోసారి. టర్న్‌పైక్ ఆ మైదానాన్ని రెండు ముక్కలుగా కోసుకుంటూ పోతుంది, గోల్ఫ్ ఆడేవాళ్ళు హైవే మీది వంతెన దాటి అవతలి ముక్కకి వెళతారు. లోపలికి మనల్ని రానివ్వరనుకోండి. ఊళ్ళో బేకరీ ఒకటి ఉంది, శనివారం క్యూ బయటిదాకా వస్తుంది. బాబుకి అక్కడ ఏదో ఒకటి కొనిపెట్టండి, గుడి దాకా పేచీ ఉండదు.

తర్వాత పెన్ హిల్స్. బెల్ట్ నుంచి కొద్దిగా పక్కకి తిరిగితే మన గుడి. మీరెన్నిసార్లు చూశారో నాకు తెలుసు, కానీ హైవే మీద నుంచి కొండ మీద తెల్ల గోపురం చూడటం వేరు, ఈ సందుల్లోంచి, ఇటుక ఇళ్ళ మధ్య నుంచి, గడ్డి కోసుకుంటున్న తాతల్ని దాటుకుని రావడం వేరు. 1976లో ఈ కొండ మీద శంకుస్థాపన చేసినప్పుడు అమెరికాలో ఇలా ఆగమ పద్ధతిలో కట్టిన గుళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేవి. అప్పట్లో వచ్చిన మనవాళ్ళలో ఇంజనీర్లు, డాక్టర్లు, ప్రొఫెసర్లు ఎక్కువ, ఈ తూర్పు సబర్బ్‌లలోనే ఇళ్ళు కొనుక్కున్నారు. నాలాంటి వాళ్ళు తర్వాత వచ్చి పులిహోర తిన్నాం. మీరూ మధ్యాహ్నం భోజనం అక్కడే కానివ్వండి, క్యాంటీన్ టైమింగులు మాత్రం ముందు రోజు ఫోన్ చేసి కనుక్కోండి. పులిహోర, పెరుగన్నం రెండు పొట్లాలు ఎక్కువ తీసుకోండి, సాయంత్రానికి పనికొస్తాయి.

దక్షిణానికి దిగాక ఊళ్ళ ముఖం మారిపోతుంది. మెకీస్‌పోర్ట్ వైపు వస్తే పెద్ద పెద్ద ఖాళీ స్థలాలు, మూతపడ్డ షాపుల వరస, మధ్యలో ఉల్లిపాయ ఆకారం గోపురాలతో చర్చిలు. ఒకప్పుడు ఇక్కడ స్టీలు గొట్టాలు చేసే మిల్లు వేల మందికి అన్నం పెట్టింది, తూర్పు యూరప్ నుంచి వచ్చిన కూలీలు కట్టుకున్న చర్చిలు అవి. మిల్లులు పోయాయి, గోపురాలు మిగిలాయి. అందంగా లేదు కదా, ఈ ముక్క వదిలేసి హైవే ఎక్కుదాం అని కారులో ఎవరో ఒకరు అంటారు. వద్దు. మామయ్యగారు ఫ్యాక్టరీలోనో రైల్వేలోనో పనిచేసి రిటైరైతే ఈ రోజు మొత్తంలో ఆయన ఎక్కువసేపు మాట్లాడేది ఇక్కడే, మా నాన్నగారితో నాకు అదే అయింది. కిటికీ దించి, ఆ షెడ్డు దేనికి, ఆ పట్టాలు ఎటు పోతున్నాయి అని అడుగుతూనే ఉన్నారు, నా దగ్గర సగం వాటికి జవాబు లేదు.

అన్నట్టు, మెకీస్‌పోర్ట్ దగ్గర మనాంగహీలా నదిలో ఇంకో నది కలుస్తుంది. దాని పేరు స్పెల్లింగ్ చూసి చదివితే నాలుక మెలిపడుతుంది, యాకగేనీ అనాలి, ఇక్కడివాళ్ళు ముద్దుగా యాక్ అంటారు. మనకి అది వాంతి చప్పుడులా వినిపిస్తుంది, బాబుకి చెబితే రోజంతా అదే అంటాడు, జాగ్రత్త.

మధ్యాహ్నం రెండున్నర, మూడు మధ్య సౌత్ పార్క్ చేరాలి. బెల్ట్‌ని కాసేపు వదిలి పార్కు లోపలికి తిరగండి. అక్కడ కౌంటీవాళ్ళు బైసన్ (అమెరికా అడవి దున్న) మందని పెంచుతున్నారు, కంచె ఇవతల నిలబడి ఊరికే చూడొచ్చు, టికెట్ లేదు. చలి మొదలయ్యేసరికి వాటి మెడ మీద, మూపురం మీద బొచ్చు కంబళి కప్పినట్టు ఒత్తుగా ఉంటుంది, వెనక భాగం మాత్రం నున్నగా, ఎవరో సగం కంబళితో సరిపెట్టినట్టు. కంచె దాకా వచ్చి నిలబడితే దాని ఊపిరి చప్పుడు వినిపిస్తుంది. మా అమ్మ అయిదు నిమిషాలు కళ్ళార్పకుండా చూసి "పాలెన్నిస్తుందిరా" అంది. అదే పార్కులో పాత రాతి ఇల్లు ఒకటుంది, ఆలివర్ మిల్లర్ హోమ్‌స్టెడ్ అంటారు. 1791లో కొత్త కేంద్ర ప్రభుత్వం విస్కీ మీద పన్ను వేసింది. ఈ కొండల రైతులకి ధాన్యం బస్తాలు పర్వతాలు దాటించి అమ్మడం కష్టం, అందుకని విస్కీ కాచి గుర్రాల మీద పంపేవారు, ఆ పన్ను వాళ్ళ కడుపు మీద కొట్టినట్టయింది. 1794లో తిరగబడ్డారు, ఆ గొడవలో తొలి తుపాకీ పేలింది ఈ చుట్టుపక్కలే అంటారు. మామయ్యగారికి చెప్పడానికి ఇంకో కథ.

ఇక్కడ అందరి మొహాలూ చూడండి. బాబు నిద్రపోయాడా, అత్తయ్యగారు మోకాళ్ళు నొక్కుకుంటున్నారా? అయితే బ్రిడ్జ్‌విల్ దాకా వచ్చి ఇంటర్‌స్టేట్ 79 ఎక్కేయండి, నేరుగా క్రాన్‌బెర్రీ. ముప్పావు చుట్టుతో ఆపేస్తే కొంపలేం మునగవు. ఓపిక ఉంటే పడమటి ముక్క కూడా కానిచ్చి ఒహాయో నది దాటి నార్త్ పార్క్ చేరండి, కానీ చీకటి పడేలోపు. నవంబర్ మొదటి ఆదివారం గడియారాలు వెనక్కి తిప్పాక సాయంత్రం అయిదూ పావుకే పొద్దు గూకుతుంది, ఆ రోజుల్లో జింకలు జతకట్టే కాలం, ముందూ వెనకా చూడకుండా రోడ్డు మీదికి దూకుతాయి. ఒక జింక దాటిందంటే అయిపోయిందనుకోకండి, వెనక ఇంకోటి ఉంటుంది.

*

ప్రశ్న: అన్నా, పిట్స్‌బర్గ్‌లోనే ఓక్లండ్‌లో ఎంఎస్ చేస్తున్నా. అయిదుగురం కలిసి ఒక పాత కారు కొన్నాం. నా దగ్గర ఇండియా లైసెన్స్ ఉంది. 78 మైళ్ళు మా బండికి ఎక్కువేమో అని డౌట్. చిన్న బెల్ట్ ఏదైనా ఉందా? ఫోన్ లేకుండా బోర్డులు చూసుకుంటూ పోవడం నిజంగా అయ్యే పనేనా?
(ఒక విద్యార్థి)

జవాబు: తమ్ముడూ, నీకు నీలం. సుమారు 36 మైళ్ళు, పూర్తి చుట్టు, సబర్బ్‌లు, సిటీ రెండూ తగులుతాయి. మూడు పెద్ద వంతెనల మీదుగా పోతుంది: దక్షిణాన హోమ్‌స్టెడ్ గ్రేస్, ఉత్తరాన హైలాండ్ పార్క్, పడమర మెకీస్ రాక్స్. నది మీదికి వచ్చిన ప్రతిసారీ ఒకడు లెక్కపెట్టండి, మిగతావాళ్ళు బోర్డు చూడండి.

హోమ్‌స్టెడ్‌లో తప్పకుండా దిగండి. 1892లో స్టీలు మిల్లు కార్మికుల సమ్మెని అణచడానికి కంపెనీ పింకర్టన్ అనే ప్రైవేటు ఏజెన్సీ మనుషుల్ని పడవల్లో దించింది, నది ఒడ్డున కాల్పులయ్యాయి, రెండు వైపులా చచ్చిపోయారు. ఆ మిల్లు 1986లో మూతపడింది. ఇప్పుడు అక్కడ సినిమా హాళ్ళు, షాపింగ్ సెంటర్, పార్కింగ్. మధ్యలో పన్నెండు ఇటుక పొగగొట్టాలు మాత్రం వరసగా అలాగే నిలబెట్టారు. వంతెన పేరు అక్కడి నల్లజాతి బేస్‌బాల్ జట్టుది. నీ రూమ్మేట్లు షాపింగ్‌కి పోతే పోనీ, నువ్వు ఆ గొట్టాల కిందికి వెళ్ళి మెడ వెనక్కి వంచి చూసి రా.

వాన గట్టిగా పడే రోజు మాత్రం వద్దు. హైలాండ్ పార్క్ వంతెన దగ్గరి వాషింగ్టన్ బులవార్డ్ గిన్నె అడుగులా ఉంటుంది, నీళ్ళన్నీ అందులోకే దిగుతాయి. 2011 ఆగస్టులో వరద నిమిషాల్లో వచ్చి నలుగురు చనిపోయారు. ఆ తర్వాత వరద గేట్లు పెట్టారు. గేటు పడి ఉంటే దాని పక్కనుంచి దూరడం లాంటి మన తెలివితేటలు అక్కడ చూపించకండి.

లైసెన్స్ సంగతి. పెన్సిల్వేనియాలో బయటి దేశం లైసెన్స్‌తో వచ్చిన రోజు నుంచి ఏడాది దాకా, లేదా అది ఎక్స్‌పైర్ అయ్యేదాకా, ఏది ముందైతే అది, నడపొచ్చు. ఇంటర్నేషనల్ పర్మిట్ తప్పనిసరి కాదు కానీ ఉంటే పోలీసాయన ముందు నీ నోరు నొప్పెట్టదు. అయిదుగురూ మార్చుకుంటూ నడుపుతామంటే ఇన్సూరెన్స్‌లో అయిదు పేర్లున్నాయా చూసుకో. ఫోన్ చేతిలో పట్టుకోవడం ఇప్పుడు చట్టప్రకారం తప్పు, 2025 జూన్ 5 నుంచి అమల్లోకి వచ్చింది, సిగ్నల్ దగ్గర ఆగి ఉన్నా సరే. మొదటి ఏడాది హెచ్చరికతో వదిలారు, 2026 జూన్ 5 నుంచి 50 డాలర్ల ఫైన్. ఇంకోటి, స్కూల్ బస్సు ఎర్ర లైట్లు కొడుతూ ఆగితే నువ్వూ ఆగాలి, ఎదురుగా వస్తున్నా సరే. ఆగకపోతే 250 డాలర్లు, లైసెన్స్ మీద అయిదు తప్పు పాయింట్లు, 60 రోజులు లైసెన్స్ సస్పెండ్. ఈ చిన్న రోడ్ల మీద మధ్యాహ్నం మూడింటికి నీకు ఎదురయ్యేవన్నీ ఆ పసుపు బస్సులే.

ఇక బోర్డులు. అయ్యే పనే, కానీ డ్రైవర్ ఒక్కడివల్ల కాదు. పక్క సీటులో వాడికి వేరే పని ఉండకూడదు, పాటలు మార్చడం కూడా వెనక సీటుకి ఇచ్చేయండి. అసలు కిటుకు ఏంటంటే, బెల్ట్ నువ్వున్న రోడ్డుతో పాటు పోదు. రోడ్డు నేరుగా పోతుంటే బెల్ట్ ఏ పెట్రోల్ బంకు పక్కనుంచో చిన్న సందులోకి తిరిగిపోతుంది. అందుకే ప్రతి సిగ్నల్ ముందూ స్పీడ్ తగ్గించి ఎడమ, కుడి స్తంభాలు రెండూ చూడాలి. రెండు మైళ్ళు పోయినా రంగు కనిపించలేదంటే తప్పినట్టే, వెనక్కి రండి. ఒక్కోచోట ఒకే స్తంభానికి రెండు రంగులుంటాయి, అక్కడ కంగారు పడకుండా మన రంగు బాణం ఎటుందో చూడాలి. ఫోన్‌లో నావిగేషన్ ఎందుకు వద్దంటానంటే, అది ఎప్పుడూ తొందరగా పోయే దారే వెతుకుతుంది, రెండు ఊళ్ళు పెట్టావంటే మధ్యలో పార్క్‌వే అనే హైవే ఎక్కించేస్తుంది, నువ్వు ఎందుకు బయల్దేరావో దానికి తెలీదు.

పిట్స్‌బర్గ్ లెఫ్ట్ గురించి విన్నావో లేదో. గ్రీన్ పడగానే ఎదురుగా ఎడమకి తిరగాల్సినవాడు ముందు సర్రున తిరిగేస్తాడు, ఇక్కడి మర్యాద అది, చట్టం కాదు. నువ్వు మొదటి బండివైతే ఒక్క క్షణం ఆగి చూసి కదులు. నువ్వు మాత్రం చేయకు, ఎదుటివాడు ఒహాయో నుంచి వచ్చినవాడైతే గుద్దేస్తాడు.

*

ప్రశ్న: మా అమ్మాయికి మలుపుల రోడ్డంటే వాంతులు. పసుపు బెల్ట్ వద్దంటారా?
(పెన్ హిల్స్)

జవాబు: వద్దనను, ఒకేసారి చుట్టు మొత్తం మాత్రం వద్దంటాను. అరగంట ముక్క చేసి ఇంటికి రండి, ఇంకో వారం ఇంకో ముక్క. ముందు సీటు, ఫోన్ బ్యాగులో, కిటికీ కొంచెం దించి, దూరంగా ఉన్న కొండ చూడమనండి. ఖాళీ కడుపుతో తీసుకెళ్ళకండి, దోశలు దట్టించి కూడా తీసుకెళ్ళకండి. కవర్ మాత్రం మీ చేతికి అందేలా.

*

ప్రశ్న: మేం శాకాహారులం, గుడ్డు కూడా తినం. దారిలో బర్గర్లు తప్ప ఏముంటాయి?
(విజయవాడ నుంచి వచ్చిన దంపతులు)

జవాబు: పిరోగీలు తినండి. చూడ్డానికి అచ్చం కజ్జికాయే, లోపల కొబ్బరి, బెల్లం బదులు మెదిపిన బంగాళాదుంప, చీజ్. నీళ్ళలో ఉడికించి, వెన్నలో ఉల్లిపాయలతో వేయిస్తారు. పిండిలో గుడ్డు కలిపే వంటగదులున్నాయి, వేయించేటప్పుడు బేకన్ వేసేవాళ్ళూ ఉన్నారు, కాబట్టి రెండూ విడివిడిగా అడగాలి, "వెజిటేరియనా" అని ఒక్క మాట అడిగితే అవును అనేస్తారు, వాళ్ళ లెక్కలో గుడ్డు వెజిటేరియనే. అడగడానికి మొహమాటమైతే గుడి పులిహోరే శరణ్యం. ఆవకాయ సీసా కారులో పెట్టుకునేవాళ్ళకి ఒక మాట, మూత బిగించి నిలువుగా పెట్టండి. నా వెనక సీటుకి నాలుగేళ్ళ కిందటి మరక ఇంకా ఉంది.

*

ప్రశ్న: పోయిన ఏడాది మీ మాట నమ్మి పసుపు బెల్ట్ ఎక్కాం. ఒక చోట రోడ్డు పని చేస్తున్నారు, బోర్డు లేదు, డిటూర్ బాణాలు ఎటో తీసుకెళ్ళి వదిలేశాయి. రెండు గంటలు తిరిగాం. మా ఆవిడ ఇంకా నాతో ఆ విషయం మాట్లాడుతూనే ఉంది. మీకేమైనా బాధ్యత ఉందా?
(పేరు వద్దన్న ఒక పాఠకుడు)

జవాబు: ఉంది, క్షమించండి. వేసవి నుంచి మంచు పడేదాకా ఇక్కడ ఎక్కడో ఒకచోట వంతెన మూసే ఉంటుంది, ఆ సంగతి నేను రాసి ఉండాల్సింది. పనులప్పుడు పీకిన స్తంభాలు తిరిగి పాతేటప్పుడు ఈ చిన్న రేకు సంగతి ఎవరికి గుర్తుంటుంది? ముందు రోజు స్టేట్ రోడ్ల సమాచారంలో మూసివేతలు చూసుకోవడం ఒక పద్ధతి. రెండోది కాగితం మ్యాప్. కౌంటీ మ్యాపుల్లో బెల్ట్‌లు రంగు గీతలతో వేసి ఉంటాయి, పాత పుస్తకాల షాపుల్లో దొరుకుతాయి. డిటూర్ పడితే దాంతో గొడవ పెట్టుకోకుండా, బెల్ట్ మళ్ళీ తగిలే తర్వాతి ఊరి పేరు చూసుకుని, అప్పుడు మాత్రం ఫోన్‌ని ఆ ఊరికి తీసుకెళ్ళమని అడగండి.

నేనూ తక్కువ తినలేదు. ఒకసారి బోర్డు అనుకుని తిరిగాను, తీరా చూస్తే ఎవరింటి గేటుకో కట్టిన పసుపు ప్లాస్టిక్ ప్లేటు, గరాజ్ సేల్ గుర్తు. వాకిట్లో కుర్చీ వేసుకున్న పెద్దాయన నన్ను కొనడానికి వచ్చినవాడిననుకుని లేచి నిలబడ్డాడు. ఎల్లో బెల్ట్ ఎటు అంటే ఆయన చేత్తో దారి చూపించకుండా, 1960ల్లో వాళ్ళ నాన్న ఆదివారం ఆదివారం పిల్లల్ని వెనక సీటులో కూర్చోబెట్టి, ఎవడు ముందు చుక్క చూస్తే వాడికి అయిదు సెంట్లు అని తిప్పేవాడని చెప్పడం మొదలుపెట్టాడు. ఇరవై నిమిషాలు. రెండు డాలర్లు పెట్టి ఒక టేబుల్ ల్యాంప్ కొన్నాను. బెల్ట్ ఆ వీధి చివర చర్చి దగ్గర కుడికి.